బిఫ్ ఎందుకు ఏడ్చాడు?

అందరికీ నమస్కారం. నాటకాన్ని ప్రేమించేవాళ్ళు, ఆడేవాళ్ళు, ఆడించేవాళ్ళు కూర్చున్న సభ ఇది కనుక ఉపోద్ఘాతం పెంచను. ఈ రోజు నేను ఒకే ఒక్క నాటకం గురించి, అందులోనూ ఒకే ఒక్క ప్రశ్న గురించి మాట్లాడతాను. ఆర్థర్ మిల్లర్ రాసిన ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’లో తండ్రీకొడుకుల మధ్య తెగిపోయింది ఏమిటి? ఎప్పుడు తెగిందో నాటకమే చెబుతుంది. ఎవరివల్ల తెగిందో కూడా చెబుతుంది. ఏది తెగింది అన్నది మాత్రం మనం వెతుక్కోవాలి. మొదటి రెండింటికీ జవాబు దొరకగానే మూడోది కూడా దొరికిందనుకుని పుస్తకం మూసేస్తాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే మూసేశాను.

నాటక చరిత్ర మీకు తెలిసిందే కాబట్టి త్వరగా దాటేస్తాను. 1949 ఫిబ్రవరి 10న న్యూయార్క్‌లోని మొరాస్కో థియేటర్‌లో తొలి ప్రదర్శన, ఎలియా కజాన్ దర్శకత్వం, జో మీల్జినర్ రంగాలంకరణ, 742 ప్రదర్శనలు, ఆ ఏటి పులిట్జర్ బహుమతి. ఒక చిన్న సంగతి మాత్రం నటులు కూర్చున్నారు కాబట్టి చెబుతాను. 63 ఏళ్ళ విల్లీ లోమన్ పాత్ర ధరించిన లీ జె. కాబ్‌కు అప్పటికి 37 ఏళ్ళు. 34 ఏళ్ళ పెద్దకొడుకు బిఫ్‌గా నటించిన ఆర్థర్ కెనెడీకి సరిగ్గా 34. అంటే ఆ రాత్రి రంగస్థలం మీద తండ్రీకొడుకులుగా నిలబడినవాళ్ళ మధ్య వయసు తేడా రెండేళ్ళకు కొంచెం ఎక్కువ, అంతే. వయసును గొంతులోకి, భుజాల్లోకి తెచ్చుకోవచ్చునని చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

కథ తెలియనివారి కోసం నాలుగు మాటలు. విల్లీ లోమన్ ఊరూరా తిరిగి సరుకు అమ్మే సేల్స్‌మన్. బ్రూక్లిన్‌లో చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్ల మధ్య ఇరుక్కుపోయిన చిన్న ఇల్లు. 25 ఏళ్ళ ఇంటి అప్పు చివరి వాయిదాకు వచ్చింది. భార్య లిండా, కొడుకులు బిఫ్, హ్యాపీ. స్కూల్లో ఫుట్‌బాల్ వీరుడిగా వెలిగిన బిఫ్, ఆ తర్వాత దేనిలోనూ నిలదొక్కుకోలేక, పడమటి రాష్ట్రాల్లో పశువుల కొట్టాల్లో, పొలాల్లో పనిచేసి ఇల్లు చేరాడు. అతను వచ్చిన దగ్గర నుంచి ఒక్క పగలు, రెండు రాత్రులు. నాటకమంతా అంతే. చివర ఒక సమాధి దృశ్యం.

ఈ నాటకానికి మిల్లర్ మొదట అనుకున్న పేరు ‘అతని తల లోపల’ అనే అర్థం వచ్చేది. తెర ఎత్తగానే వేదికంత ఎత్తున ఒక ముఖం కనబడి, అది తెరుచుకుంటే లోపల ఉన్నదంతా మనం చూడాలని ఆయన తొలి ఊహ. ఆ ముఖం పోయింది గాని ఊహ పోలేదు. రంగసూచనల్లో ఒక నియమం రాసి ఉంది, గుర్తుందా? వర్తమానంలో జరిగే సన్నివేశాల్లో నటులు లేని గోడలను కూడా ఉన్నట్టే పాటించి తలుపులోంచే లోపలికి రావాలి. గతంలోని సన్నివేశాల్లో మాత్రం ఆ గోడల గీతలను దాటుకుని నేరుగా ముందుకు వచ్చేయవచ్చు. దీన్ని కేవలం రంగాలంకరణ చమత్కారంగా చూడకండి. వర్తమానంలో ఈ ఇంట్లో తండ్రికీ కొడుక్కీ మధ్య గోడలున్నాయి. గతంలో లేవు. ఆ సంగతి ఏ పాత్రా నోరు తెరిచి చెప్పనక్కరలేకుండా నటుల నడకే చెబుతుంది.

ఇప్పుడు ఆ గోడల్లేని కాలంలోకి వెళ్దాం.

విల్లీ ఊరి నుంచి వస్తాడు. పిల్లలు కారు తుడుస్తూ ఉంటారు. బిఫ్ చేతిలో ఒక కొత్త ఫుట్‌బాల్ ఉంటుంది. ఎక్కడిదిరా అంటే, స్కూలు లాకర్ గదిలోంచి తెచ్చుకున్నానంటాడు. మరొక తండ్రి అయితే ఏమంటాడు? విల్లీ నవ్వుతాడు. తిరిగి ఇచ్చెయ్యమని పైపైన అంటాడు గాని, కోచ్ చూస్తే నీ చొరవను మెచ్చుకుంటాడులే అని కూడా అంటాడు. పక్కింటి బెర్నార్డ్ పరిగెత్తుకుంటూ వచ్చి, బిఫ్ లెక్కల్లో తప్పుతాడని, చదవకపోతే మేష్టారు పాస్ చేయరని హెచ్చరిస్తాడు. ఆ కుర్రాణ్ణి పురుగులా తీసిపారేస్తారు. అతనికి మార్కులు వస్తాయేమో గాని జనం మెచ్చరు, నా కొడుకులు అందగాళ్ళు, జనం మెచ్చేవాళ్ళు, లోకంలో నెగ్గుకొచ్చేది వాళ్ళే. ఇదీ తండ్రి బోధ.

మనందరం చిన్నప్పుడు వల్లించిన శతక పద్యం ఒకటుంది కదా. కొడుకు పుట్టగానే తండ్రికి పుత్రోత్సాహం కలగదు, జనులు ఆ కొడుకును చూసి పొగిడిన నాడు కలుగుతుంది అని. విల్లీ లోమన్‌కు ఆ పద్యం ఎవరూ చెప్పలేదు. అతనికి పుత్రోత్సాహం ముందే వచ్చేసింది. జనులు పొగిడే దాకా ఆగే ఓపిక లేక, జనుల పాత్ర కూడా తానే తీసుకున్నాడు. పొగడ్త కొడుకు చేసినదాని వెనుక రావలసింది పోయి, ముందు నడవడం మొదలుపెట్టింది. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి తన గురించి ఏం తెలుస్తుంది? తండ్రి చెప్పిందే తెలుస్తుంది. ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

విల్లీని తిట్టిపోయడం తేలిక. కానీ అతనికి ఈ లోటు ఎక్కడ మొదలైందో మిల్లర్ చూపించాడు. విల్లీకి నాలుగేళ్ళు నిండకముందే వాళ్ళ నాన్న ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. వేణువులు చేసి అమ్ముకునే మనిషి ఆయన. నాటకం మొదలయ్యేది వేణునాదంతోనే, ముగిసేదీ దానితోనే. అన్న బెన్ ఊహలో ప్రత్యక్షమైనప్పుడల్లా విల్లీ అడిగేది ఏమిటి? నాన్న ఎలా ఉండేవాడో మా పిల్లలకు చెప్పు అని, నేను వీళ్ళను సరిగ్గా పెంచుతున్నానా అని. నాన్న సరిగ్గా మాట్లాడే అవకాశం దొరక్కుండానే వెళ్ళిపోయాడు, అందుకే నా గురించి నాకింకా ఏదో తాత్కాలికంగా ఉన్నట్టే అనిపిస్తుందని అతనే ఒప్పుకుంటాడు. తండ్రిని చూడని తండ్రి అతను. బెన్ ఇచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. 17వ ఏట అడవిలోకి వెళ్ళాను, 21వ ఏట బయటికి వచ్చాను, అప్పటికి నేను ధనవంతుణ్ణి. పిల్లలను ఎలా పెంచాలని అడిగితే ఇదా చెప్పేది?

బోస్టన్ గది

ఇక అసలు సన్నివేశం. మిల్లర్ దీన్ని రెండో అంకం చివరిదాకా దాచిపెట్టాడు. అంతవరకూ ఒక స్త్రీ నవ్వు అప్పుడప్పుడు చీకట్లోంచి వినబడుతుంది, మొదటి అంకంలో ఆమె కాసేపు కనబడి, మేజోళ్ళు ఇచ్చినందుకు విల్లీకి కృతజ్ఞత కూడా చెబుతుంది. ఆ వెంటనే లిండా చిరిగిన మేజోళ్ళు కుట్టుకుంటూ కూర్చుంటే, నా ఇంట్లో మేజోళ్ళు కుట్టవద్దని, అవతల పారెయ్యమని విల్లీ కసురుకుంటాడు. సూది అతని చర్మంలోనే దిగుతోందని మనకు అప్పుడే తెలుస్తుంది. ఆ మేజోళ్ళ సంగతి కొడుక్కి కూడా తెలుసునని మనకు తెలియడానికి మాత్రం ఇంకా గంటకు పైగా పడుతుంది.

బిఫ్ లెక్కల్లో తప్పాడు. వచ్చినవి 61 మార్కులు, గట్టెక్కడానికి ఇంకో నాలుగు కావాలి. ఆ నాలుగు మార్కులు లేకపోతే వర్జీనియా విశ్వవిద్యాలయం లేదు. అప్పుడు ఆ కుర్రవాడు ఏం చేశాడు? రైలెక్కి తండ్రి దగ్గరికి బోస్టన్ పరిగెత్తాడు. ఎందుకు? ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం, ఎందుకంటే నేను చెప్పదలచినదంతా ఈ ‘ఎందుకు’లోనే ఉంది. ఓదార్పు కోసం రాలేదతను. క్షమించమని అడగడానికీ రాలేదు. నాన్నా, నువ్వొచ్చి మేష్టారితో మాట్లాడు, నువ్వెలాంటి మనిషివో ఆయన చూస్తే, నీ పద్ధతిలో నువ్వొక్కసారి మాట్లాడితే, ఆయన ఒప్పుకుంటాడు అంటాడు. చూశారా? తండ్రి నేర్పిన విద్యను తండ్రికే అప్పజెబుతున్నాడు. జనం మెచ్చిన మనిషికి తలుపులన్నీ తెరుచుకుంటాయని కదా పాఠం! ఆ పాఠాన్ని అక్షరాలా నమ్మినవాడు ఈ లోకంలో ఒక్కడే. వాడు ఆ రాత్రి హోటల్ గది తలుపు కొడుతున్నాడు.

తర్వాత జరిగేది మీరు ఎన్నిసార్లు చదివినా ఒకసారి నెమ్మదిగా చదవండి. ఆ మేష్టారు తనకు మార్కులు ఎందుకు వేయలేదో చెబుతూ బిఫ్ ఆయన్ను అనుకరిస్తాడు. మెల్లకన్ను పెట్టి, నత్తినత్తిగా. క్లాసులో అలా చేస్తూ ఉండగా ఆయన లోపలికి వచ్చాడట. విల్లీ పగలబడి నవ్వుతాడు. ఎంతో ఆపదలో ఉన్నాడే, స్నానాల గదిలో ఒక స్త్రీని దాచి ఉన్నాడే, అయినా కొడుకు చలాకీతనం చూసి నవ్వు ఆపుకోలేడు. ఆ నవ్వు విని లోపలున్న స్త్రీ కూడా నవ్వుతుంది. గుట్టు బయటపడింది ఆ నవ్వుతోనే. ఫుట్‌బాల్ తెచ్చినప్పుడు నవ్విన నవ్వే ఇది. తప్పును ముద్దుచేసే నవ్వు. ఇన్నాళ్ళూ కొడుకును పాడుచేసిన ఆ నవ్వే ఇప్పుడు తండ్రిని పట్టి ఇచ్చింది. నాటకరచన అంటే ఇదండీ.

ఆమె బయటికి వస్తుంది. విల్లీ ఏవో సాకులు చెబుతాడు. ఆమె తనకు ఇస్తానన్న మేజోళ్ళు ఇమ్మని పట్టుపట్టి, తీసుకుని మరీ వెళ్తుంది. అవి అమ్మ మేజోళ్ళు, ఆమెకిచ్చావు అని బిఫ్ ఏడుస్తాడు. ఈ మాట మీదే మనమంతా ఆగిపోతాం. తండ్రి తల్లికి ద్రోహం చేశాడు, కొడుకు అది చూశాడు, అంచేత బంధం తెగింది. నిజమే. కానీ ఆ మాటకు ముందు ఏం జరిగిందో చూడండి. రేపు పొద్దున్నే నీ మేష్టారి దగ్గరికి వెళ్తాను, మార్కులు వేయిస్తాను అంటాడు విల్లీ. అప్పుడు బిఫ్ ఏడుస్తూ అన్న మాట ఏమిటి? ఆయన నీ మాట వినడు.

ఐదు నిమిషాల క్రితం ఏమన్నాడు? నువ్వు మాట్లాడితే వింటాడు అన్నాడు. ఇప్పుడు, వినడు.

ఆ మేష్టారికి ఈ గదిలో జరిగిందేమీ తెలియదు కదా! ఆయన దృష్టిలో విల్లీ అరగంట క్రితం ఎలాంటివాడో ఇప్పుడూ అలాంటివాడే. మరి ఎందుకు వినడు? ఎందుకంటే, తండ్రి మాటకు విలువ ఉందన్న నమ్మకం కొడుకులో చచ్చిపోయింది. ఆ మాట లోకంలో చెల్లదని అతనికి ఆ క్షణాన తెలిసిపోయింది. ఇక్కడే నా ప్రశ్నకు జవాబు దొరుకుతుందని నేననుకుంటాను. తండ్రి మాట చెల్లదంటే, ఆ తండ్రి ఇన్నేళ్ళూ తన గురించి చెప్పిన మాటలు ఏమైనట్టు? నువ్వు మహారాజువి, నువ్వు అందరిలో ఒకడివి కావు, నీకేం తక్కువ అన్న మాటలన్నీ ఆ నోటివే కదా. మాట ఇచ్చినవాడు దొంగ అయితే ఆ మాట పట్టుకుని బతికినవాడు ఏమవుతాడు? బిఫ్ ఆ గదిలో తండ్రిని మాత్రమే పోగొట్టుకోలేదు. తండ్రి కట్టి ఇచ్చిన తననూ పోగొట్టుకున్నాడు. వేసవి తరగతులకు వెళ్ళి ఆ నాలుగు మార్కులూ తెచ్చుకోవచ్చు, దారి తెరిచే ఉంది. కానీ తెచ్చుకోవలసినవాడు ఎక్కడున్నాడు?

సాక్ష్యం కావాలంటే బెర్నార్డ్‌ను అడగండి. తరువాతి కాలంలో అతను లాయరయ్యాడు, సుప్రీంకోర్టులో కేసు వాదించడానికి వెళ్తున్నాడు. విల్లీతో అంటాడు, బిఫ్ బోస్టన్ నుంచి రాగానే వర్జీనియా విశ్వవిద్యాలయం పేరు రాసుకున్న తన బూట్లను నేలమాళిగలోకి తీసుకెళ్ళి పొయ్యిలో తగలబెట్టాడని, ఆ రోజు తామిద్దరూ ఏడుస్తూ అరగంట కొట్టుకున్నారని. బోస్టన్‌లో ఏం జరిగింది అని అడుగుతాడు. విల్లీ విరుచుకుపడతాడు. బిఫ్ తగలబెట్టింది తండ్రి వస్తువును కాదని గమనించండి. తన పేరు మీద తండ్రి రాసుకున్న భవిష్యత్తును తగలబెట్టాడు.

అన్నట్టు, బెర్నార్డ్ తండ్రి చార్లీ. కొడుకు సుప్రీంకోర్టుకు వెళ్తున్న సంగతి బెర్నార్డ్ చెప్పనైనా లేదే అని విల్లీ ఆశ్చర్యపోతే, చెప్పనక్కరలేదు, చేయబోతున్నాడుగా అంటాడు చార్లీ. నువ్వు వాడి విషయం ఏనాడూ పట్టించుకోలేదు కదా అని విల్లీ అంటే, నేను అసలు దేన్నీ పట్టించుకోలేదు, అదే నన్ను కాపాడింది అని కూడా అంటాడు. దీన్ని పెంపకానికి సూత్రంగా తీసుకోవద్దని మనవి. చార్లీ తనను తాను తక్కువ చేసి మాట్లాడే మనిషి. వారం వారం 50 డాలర్లు అప్పు పేరుతో విల్లీ చేతిలో పెట్టేది అతనే.

రెండు మౌనాలు

బోస్టన్ గదిలో జరిగింది మనకు ఎవరు చెప్పారు? బిఫ్ చెప్పలేదు. నాటకం మొదటి నుంచి చివరి దాకా అతను ఎవరికీ చెప్పడు. నాన్నతో ఎందుకిలా ఉంటావని తల్లి నిలదీసినప్పుడు, ఆయన బూటకపు మనిషని నాకు తెలుసు, అది తెలిసినవాడు దగ్గరుండటం ఆయనకు ఇష్టం లేదని మాత్రం అంటాడు. ఆ మాటకు అర్థమేమిటని ఆమె అడిగితే నోరు మూసుకుంటాడు. మనకు ఆ గది కనబడేది విల్లీ తలలోనే. కొడుకు తనను ఎలా చూశాడో తండ్రే 17 ఏళ్ళుగా మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నాడు. అంటే నేరం చేసినవాడే సాక్షి కూడా. చూసినవాడు మాత్రం తల్లి మనసు నొచ్చుకోకూడదని పెదవి విప్పడు. తండ్రిని అసహ్యించుకుంటూనే తండ్రి గుట్టు కాపాడుతున్నాడు. ఇది పగేనా? పగ అయితే ఒక్క వాక్యం చాలును, ఆ ఇల్లు కూలడానికి.

విల్లీ మాత్రం దాన్ని పగ అనే నమ్ముతాడు. నాటకంలో అతను పదే పదే వాడే మాట అదే. నువ్వు నామీద కక్షతోనే పాడైపోయావు, నన్ను సాధించడానికే ఓడిపోయావు. ఎందుకలా నమ్ముతాడు? కొడుకు కక్షతో ఓడిపోయాడనుకుంటే, కొడుకులో గెలిచే శక్తి అలాగే ఉన్నట్టు లెక్క. కొడుకు నిజంగానే మామూలు మనిషి అనుకుంటే తన మాటలన్నీ అబద్ధమైపోతాయి. అందుకని కొడుకు ద్వేషాన్నైనా భరిస్తాడు గాని కొడుకు సామాన్యుడన్న నిజాన్ని భరించలేడు. మొదటి సన్నివేశంలోనే బిఫ్ ఒట్టి సోమరి అని తిట్టి, నాలుగు మాటలు పోగానే, బిఫ్‌లో ఒక్క గుణం, వాడు సోమరి కాడు అంటాడు. ప్రేక్షకులు నవ్వుతారు. నవ్వవలసిందే, కానీ ఆ రెండు మాటల మధ్యే అతను బతుకుతున్నాడు.

పెన్ను సంగతి చెప్పి చివరి సన్నివేశానికి వస్తాను. బిఫ్ పాత యజమాని బిల్ ఆలివర్ దగ్గరికి అప్పు కోసం వెళ్తాడు. రోజంతా కూర్చున్నాడు. ఆయన ఒక్క నిమిషం కనబడి, గుర్తుపట్టకుండానే వెళ్ళిపోయాడు. తాను అక్కడ సేల్స్‌మన్‌గా పనిచేశానన్నది కూడా ఇంట్లో అల్లిన కథేనని, తాను ఉత్త గుమాస్తానని బిఫ్‌కు అప్పుడు తెలివి వచ్చింది. ఏం చేస్తున్నాడో తెలియకుండానే ఆయన గదిలోకి వెళ్ళి ఫౌంటెన్ పెన్ను దొంగిలించి 11 అంతస్తులు మెట్లమీద పరిగెత్తాడు. మధ్యలో ఆగాడు. ఆకాశం కనబడింది. చేతిలో పెన్ను, పైన ఆకాశం, నాకు కావలసింది బయట ఉండగా నేనీ పెన్ను ఎందుకు పట్టుకున్నాను అని తనను తాను అడిగాడు. లాకర్ గది ఫుట్‌బాల్‌తో మొదలైన దొంగతనాల వరస ఆ మెట్లమీద ఆగిపోయింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి వెళ్ళిపోతానని చేయి చాస్తాడు. కరచాలనం చేయమని లిండా బతిమాలుతుంది. విల్లీ చేయి ఇవ్వడు. పైగా ఏమంటాడో తెలుసా? ఆ పెన్ను సంగతి నువ్వు అక్కడ ఎత్తకుండా ఉండాల్సింది! జీవితంలో ఆఖరిసారి కొడుకు చేయి చాస్తే, ఇంకా బేరం చెడిపోయిన సంగతే ఆలోచిస్తున్నాడు. సేల్స్‌మన్ కదా.

అప్పుడు బిఫ్ రబ్బరు గొట్టం తెచ్చి బల్లమీద పెడతాడు. నేలమాళిగలో గ్యాస్ హీటర్ వెనుక విల్లీ దాచుకున్న గొట్టం అది, ఆత్మహత్యకు. అందరూ చూసినదే, ఎవరూ మాట్లాడనిదే. ఈ ఇంట్లో పది నిమిషాలు నిజం మాట్లాడిన పాపాన పోలేదంటాడు. నేను గంటకు ఒక డాలర్ మనిషిని, నువ్వూ అంతే అంటాడు. నేను ఏమీ కాను నాన్నా, నన్ను వదిలెయ్యి, ఆ దొంగ కలను తీసి తగలబెట్టు అంటాడు. అలా అంటూ అంటూ కోపం నీరుగారిపోయి తండ్రిని పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తాడు.

17 ఏళ్ళ క్రితం బోస్టన్‌లోనూ ఇలాగే ఏడ్చాడు. ఆ ఏడుపు, తండ్రి చెప్పిన తాను అబద్ధమని తెలిసి ఏడ్చిన ఏడుపు. ఈ ఏడుపు, ఆ తనను ఇక మోయనక్కరలేదని ఏడ్చిన ఏడుపు. వీడ్కోలు చెప్పి ఏడుస్తున్నాడు. పొద్దున్నే వెళ్ళిపోతాను, ఆయన్ను పడుకోబెట్టండి అని మేడెక్కి వెళ్ళిపోతాడు.

మరి విల్లీకి ఏం వినబడింది? వాడికి నేనంటే ఇష్టం! వాడు నాకోసం ఏడ్చాడు! ఎంత సంతోషిస్తాడో చూడండి. నిజానికి అది కూడా తప్పు కాదు, బిఫ్‌కు తండ్రంటే ప్రేమ ఉంది. కానీ ప్రేమ ఉందని తెలిసిన మరుక్షణం విల్లీ నోట వచ్చే మాట, ఆ కుర్రాడు గొప్పవాడై తీరతాడు అని. అరనిమిషం క్రితమే కదా కొడుకు, నేను ఏమీ కానని కాళ్ళావేళ్ళా పడింది! బెన్ నీడలోంచి అందుకుంటాడు, వెనుక 20,000 డాలర్లు ఉంటే నిజంగానే గొప్పవాడవుతాడని. అది విల్లీ చనిపోతే వచ్చే బీమా సొమ్ము. కారు బయలుదేరిన చప్పుడు మనకు వినబడుతుంది. కక్ష అనుకున్నంత కాలం విల్లీ ఎలాగో బతికాడు. ప్రేమ అని తెలిసిన పావుగంటకు చచ్చిపోయాడు. రాజీ పడ్డ రాత్రే చావొచ్చింది. తగాదాతో తెగిన బంధాలు మనం నాటకాల్లో ఎన్నో చూశాం. కౌగిలిలో తెగిన బంధం ఇది.

సమాధి దగ్గర బిఫ్ చెప్పే మాటల్లో ఒకటి నాకు బాగా ఇష్టం. ఇంటి ముందు అరుగు గురించి అంటాడు, నాన్న అమ్మిన సరుకంతటిలో కంటే ఆ అరుగులో నాన్న ఎక్కువ ఉన్నాడని. సిమెంటు చేతికిస్తే సంతోషంగా ఉండేవాడని చార్లీ కూడా అంటాడు. తండ్రి చేతిపని మనిషి. కొడుకు పొలం మనిషి. తాత వేణువులు చెక్కిన మనిషి. ముగ్గురికీ ఉన్న పోలిక చేతుల్లో ఉంది. ఆ ఇంట్లో దాని గురించి మాత్రం ఎవరూ ఎవరినీ పొగడలేదు.

మీలో కొందరు ఈ నాటకం ఆడబోతున్నారని విన్నాను కనుక ఒక్క విన్నపం. బిఫ్ తండ్రిని పట్టుకుని ఏడుస్తున్నప్పుడు విల్లీ ఏం చేయాలో మిల్లర్ రాశాడు. అతను కొడుకును తిరిగి గట్టిగా కౌగిలించుకోడు. మాట రాక, చేతులతో తడుముతూ కొడుకు ముఖం కోసం వెతుకుతాడు. చాలా ప్రదర్శనల్లో విల్లీ వేషధారి వెంటనే కొడుకు తల నిమిరేయడం, వీపు తట్టడం చూశాను. దయచేసి ఆ పని చేయకండి. ఆ చేతిని కాసేపు గాలిలో వెతకనివ్వండి. ముఖం దొరికిన తర్వాత కూడా, ఇది ఎవరి ముఖమో పోల్చుకుంటున్నట్టు ఉంచండి. ఎందుకంటే ఆ తర్వాత విల్లీ ముందు కొడుకును, తర్వాత లిండా వైపు తిరిగి ఆమెను అడిగే ప్రశ్నలు చాలా చిన్నవి, అవి నిజంగా తెలియక అడిగినవి. ఏం చేస్తున్నావు? ఎందుకు ఏడుస్తున్నాడు వీడు?